నేతతోపాటు ఆరోగ్యరక్షణయు నేర్పవలెను

(ఒక చేనేత సహకార సంఘ కార్యదర్శి, జివతి, చంద్రపూర్ జిల్లా)

మన సంఘముల మహాసభలలో ఏటేట చర్చకు వచ్చు విషయములు అందరికిని తెలిసినవే. నూలు ధర, మజూరీ రేటు, అమ్ముడుపోని సరుకు, రావలసిన బకాయిలు. వీటిలో ఏదియు చిన్న విషయమని నేననను. కాని నేసెడి మనిషి కన్నును, నడుమును, ఊపిరిని గురించిన తీర్మానము మన మినిట్సు పుస్తకములలో వెదకినను దొరకుట కష్టము. మగ్గము విరిగినచో బాగుచేయించుటకు సంఘము అప్పు ఇచ్చును. మగ్గము మీది మనిషి నడుము విరిగినచో అది అతని ఇంటి సంగతి అని ఊరకుందుము. ఈ పద్ధతి మారవలెను. నేత నేర్పునప్పుడే ప్రమాదముల నుండి, రోగముల నుండి కాపాడుకొను విధమును కూడ నేర్పవలెను. ఆ బాధ్యతను సహకార సంఘమే వహింపవలెను. ఎందుచేత సంఘమే వహింపవలెనో ఈ వ్యాసములో మనవి చేయుదును.

జివతి కొండ మీద ఉన్న తాలూకా. కొండ దిగి గడ్‌చాందూరు, రాజురా దారిన పోయినచో సిమెంటు కర్మాగారములు, బొగ్గు గనులు కనబడును. సరిహద్దు దాటి తెలంగాణలోనికి పోయినచో బెల్లంపల్లి, మందమర్రి ప్రాంతపు సింగరేణి గనులున్నవి. బొగ్గు గనిలో కొత్త మనిషిని తిన్నగా పనిలోనికి దింపరు. గనుల వృత్తి శిక్షణ నియమములు 1966లోనే వచ్చినవి. ముందు శిక్షణ కేంద్రమునకు పోవలెను. పైకప్పు ఎట్లు చూడవలెనో, దీపము, టోపీ ఎట్లు వాడవలెనో నేర్చుకొనవలెను. కొంతకాలమునకు మరల అదే పాఠమునకు రావలెను. ఇంత చేసినను గనులలో ప్రమాదములు పూర్తిగా ఆగలేదు, నిజమే. కాని పని మొదలుపెట్టక ముందే అపాయమును గురించి చెప్పవలెనను మాట అక్కడ చట్టమైనది.

మన దగ్గర కొత్తవాడు గుంటలో దిగినప్పుడు పోగు అతుకుట చెప్పుదుము, నాడె వేయుట చెప్పుదుము, పన్నె దెబ్బ సమముగా పడుట చెప్పుదుము. ఎట్లు కూర్చున్నచో నడుము నిలుచునో చెప్పము. గని వేరు, మగ్గము వేరు అని కొందరనవచ్చును. వేరే. గని ఒక్క దెబ్బకు ప్రాణము తీయగలదు. మగ్గము అట్లు తీయదు. ముప్పది ఏండ్లు కొద్దికొద్దిగా అరగదీయును. అందుచేతనే అది ప్రమాదముగా ఎవరి లెక్కలోనికిని రాదు.

వృత్తి వలన రోగములు వచ్చుననుట కొత్త మాట కాదు. ఇటలీ దేశపు వైద్యుడు బెర్నార్డినో రామజ్జినీ 1700లో పనివారల రోగములను గురించి ఒక గ్రంథము ప్రచురించినాడు. దాని తరువాతి కూర్పులో నేతవారిని గురించి కూడ ఒక ప్రకరణమున్నది. వైద్యుడు రోగిని అడుగు ప్రశ్నలలో నీవు చేయు పని ఏమి అనునది కూడ ఉండవలెనని ఆయన చెప్పినాడు. మూడు వందల ఏండ్లు దాటినవి. నేటికిని మనవారు ఆసుపత్రికి పోయినప్పుడు నడుము నొప్పి అని చెప్పి మాత్రలు తెచ్చుకొందురే గాని, నేను గుంట మగ్గము నేయుదును, నేను రంగులు అద్దుదును అని చెప్పరు. డాక్టరుకు ఆ ఒక్క మాట చెప్పుటయే మన శిక్షణలో మొదటి పాఠము కావలెను.

ఇక ఒక్కొక్క విషయము చూతము.

గుంట మగ్గములో కూర్చున్నవాని కాళ్లు దినమంతయు తడి నేలలో ఉండును. నడుము ముందునకు వంగి, పొట్ట బట్ట దోనెకు ఆనుకొనును. మోకాళ్లు, నడుము, మెడ, భుజములు వీటికే ముందు దెబ్బ. దీనికి పెద్ద ఖర్చుతో కూడిన మందు లేదు. గుంట అడుగున చెక్కలు పరచి తడి తగులకుండ చేయవలెను. కూర్చుండు పలక ఎత్తు మనిషిని బట్టి మార్చుకొనవలెను. పొట్టివాడును పొడుగువాడును ఒకే పలక మీద నేయరాదు. మోచేతులు బట్ట దోనె కంటె కొంచెము పైగా ఉండునట్లు చూచుకొనవలెను. గంటకొకసారి లేచి నాలుగు అడుగులు నడచి, చేతులు పైకెత్తి నడుము వెనుకకు వంచవలెను. గంటకు మూడు నిమిషములు పోయిన మజూరీ పోవునని భయపడువారున్నారు. నడుము పట్టి నెల దినములు మంచము మీద ఉన్నప్పుడు పోవు మజూరీని కూడ వారు లెక్క వేయవలెను.

తరువాత కన్ను. నలువది ఏండ్లు దాటగానే దగ్గరి చూపు మందగించుట అందరికిని సహజము. దీనినే చత్వారమందుము. సన్న నూలు నేయువానికి ఇది అన్నము మీద దెబ్బ. పోగు తెగినది కనబడదు, గుడ్డలో తప్పు పడును, సంఘములో ఆ గుడ్డకు కోత పడును. ఆ కోతకు కారణము వాని అశ్రద్ధ అని మనము వ్రాసికొందుము. అస్సాములోని తేయాకు తోటలలో నలువది ఏండ్లు దాటిన కార్మికులకు దగ్గరి చూపు కండ్లద్దములిచ్చి చేసిన పరిశోధన 2018లో ప్రకటింపబడినది. అద్దములు లేనివారితో పోల్చిచూడగా, ఇచ్చినవారి ఆకుకోత ఐదవ వంతుకు పైగా ఎక్కువగా పెరిగినది. ఆకు కోయువానికే అంత లాభమున్నప్పుడు పోగు చూచువానికి ఎంత ఉండునో యోచింపుడు. కండ్లద్దముల వెల ఒక చీర మజూరీకి మించదు. వెలుతురు కూడ ముఖ్యమే. గోడకు తెల్ల సున్నము వేయవలెను. దీపము బట్ట మీద పడవలెను గాని కండ్లలో పడరాదు. తడి గుంట దగ్గర అతుకులు వేసిన కరెంటు తీగలు ఉండరాదు. ఎర్తింగు లేనిచోట మోటారు రాట్నము పెట్టరాదు. మోటారు రాట్నము దగ్గర కూర్చుండు స్త్రీలు చీర కొంగు బిగించి, జడ ముడి వేసికొనుట మరువరాదు.

ఊపిరి సంగతి. పత్తి దుమ్ము వలన వచ్చు ఊపిరితిత్తుల రోగమును బిసినోసిస్ అందురు. సెలవు రోజు గడచి మరల పనిలోనికి పోయిన మొదటి దినమున రొమ్ము బిగబట్టినట్లుండుట దీని తొలి గుర్తు. జిన్నింగు మిల్లులలో, నూలు మిల్లుల ఏకుడు విభాగములలో ఈ రోగము ఎక్కువ. చేనేత ఇంటిలో దుమ్ము అంత ఉండదు. అబద్ధము చెప్పి భయపెట్టుట నాకు ఇష్టము లేదు. కాని చేతిలో నేత లేని నెలలలో మిల్లుకు పోవువారును మన ఇండ్లలోనివారే. కొరపనా, రాజురా వైపు పత్తి పండు ప్రాంతమునకు కూలికి పోవువారు ఈ గుర్తును తెలిసికొని ఉండవలెను. ఈ రోగము నష్టపరిహార చట్టములో చేరిన వృత్తిరోగము. తెలిసినవాడే అడుగగలడు.

నాడె కంటి గుండ పోగును నోటితో పీల్చు అలవాటు కొందరికి ఇంకను ఉన్నది. ఒకరి నాడెను మరియొకరు పీల్చినచో క్షయ మొదలైన రోగములు సోకునని భయపడి, అమెరికాలోని మసాచుసెట్సు రాష్ట్రము 1911లోనే మిల్లులలో ఇట్టి నాడెలను నిషేధించినది. ఒక సన్న తీగెను కొక్కెముగా వంచి పోగు లాగుకొన్నచో పని జరుగును. దానికి పైసా ఖర్చు లేదు. చెప్పువారు లేకపోవుటయే లోటు.

అన్నిటికంటె ముఖ్యమైనది రంగుల పని. మనము వంటింటి పక్కనే, కొన్ని ఇండ్లలో వంటింటిలోనే, రంగు కాచుచున్నాము. అందుచేత ఈ నాలుగు మాటలు ప్రతి ఇంటివారును కంఠస్థము చేయవలెను.

కాస్టిక్ సోడాను కొద్దికొద్దిగా నీటిలో వేయవలెను. సోడా మీద నీరు పోయరాదు. పోసినచో ఒక్కసారిగా కాగి ముఖము మీదికి చిమ్మును. కంటిలో పడినచో వెంటనే మంచినీటితో పావుగంట తక్కువ కాకుండ కడిగి, ఆ పైన ఆసుపత్రికి పరుగెత్తవలెను. నిమ్మరసము, పసరులు పోయరాదు.

హైడ్రోస్ డబ్బా మూత బిగించి పొడి చోటున ఎత్తుగా పెట్టవలెను. తడి తగిలినచో అది తనంతట తాను వేడెక్కి మండగలదు.

బ్లీచింగు పౌడరును ఆమ్లమును ఒకచోట చేర్చరాదు. వెలువడు క్లోరిను వాయువు ఊపిరితిత్తులను కాల్చును.

నాఫ్తాలు రంగులకు వాడు సోడియం నైట్రైటు చూపునకు ఉప్పువలెనే ఉండును. అది విషము. దానిని వంటింటి అలమరలో, పేరు లేని సీసాలో ఉంచుట కంటె అవివేకము లేదు. రంగు గిన్నెలు వేరుగా, వంట గిన్నెలు వేరుగా ఉండవలెను.

రంగు పొడిని గురించి కూడ ఒక మాట. జర్మనీ దేశపు శస్త్రవైద్యుడు లుడ్విగ్ రేన్ 1895లో రంగుల కర్మాగారపు కార్మికులలో మూత్రాశయపు క్యాన్సరును గుర్తించినాడు. తరువాతి పరిశోధనలలో బెంజిడిన్ మొదలైన పదార్థములు దానికి కారణమని తేలినది. భారత ప్రభుత్వము 1997లో 70 అజో రంగుల వాడకమును నిషేధించినది. కాని పేరు లేని పొట్లములలో విడిగా అమ్ము రంగులో ఏమున్నదో కొన్నవానికి తెలియదు, అమ్మినవాడు చెప్పడు. చౌక అని విడి రంగు కొనరాదు. పేరున్న పొట్లము, దానికి బిల్లు అడుగవలెను. పొడి ఎగురకుండ ముందు కొంచెము నీటితో ముద్ద చేసి, ముక్కుకు గుడ్డ కట్టుకొని, చేతులకు రబ్బరు తొడుగులు వేసికొని పని చేయవలెను. కొన్ని రియాక్టివ్ రంగుల పొడి పీల్చుటచేత ఉబ్బసము వచ్చుట కూడ కలదు.

మరమగ్గముల వైపు పోయిన మనవారి సంగతి కూడ మరువరాదు. షోలాపూరు, భివండి, సిరిసిల్ల సాంచాల మీద పని చేయువారిలో మన తెలుగు కుటుంబములు ఎన్నో. అక్కడి చప్పుడులో పక్కవాని మాట వినవలెనన్న చెవిలో అరువవలెను. ఎనిమిది గంటల పనికి 90 డెసిబెళ్ల హద్దు అని ఫ్యాక్టరీ నియమములు చెప్పినవి. చెవిలో దూది పెట్టుకొన్నచో చాలునని చాలమంది అనుకొందురు. దూది చాలదు, చెవికి బిగువుగా పట్టు బిరడాలు కావలెను. పోయిన వినికిడి మరల రాదు. 2025 మే 18 తెల్లవారుజామున షోలాపూరు అక్కల్‌కోట రోడ్డు పారిశ్రామికవాడలో ఒక తువాళ్ల కార్ఖానాకు నిప్పంటుకొని 8 మంది మరణించినారు. వారిలో యజమానియు ఉన్నాడు, ఆయన కుటుంబమువారును ఉన్నారు, కార్మికులును ఉన్నారు. నిప్పు యజమానిని, పనివానిని వేరుగా చూడదు. నూలు, గుడ్డ నిలువ ఉన్న చోటనే మనుషులు నిదురించు ప్రతి ఇల్లును ఈ సంగతి తలచుకొనవలెను. మన ఇండ్లు అట్టివే గదా. బయటికి పోవు రెండవ దారి ఏది, దానికి అడ్డముగా నూలు మూటలు ఉన్నవా అని ఈ రాత్రియే చూచుకొనుడు.

ఇవన్నియు చెప్పుటకు ప్రభుత్వపు ఇన్‌స్పెక్టరు లేడా అని అడుగుదురు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము, కరెంటు వాడుచోట 10 మంది, వాడనిచోట 20 మంది పనివారు ఉన్నప్పుడు వర్తించెడిది. దాని స్థానములో వచ్చిన 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల కోడు 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చినది. అందులో ఫ్యాక్టరీ అనిపించుకొనుటకు ఆ సంఖ్యలు 20, 40 అయినవి. ఇతర సంస్థలకు సాధారణముగా 10 మంది ఉండవలెను. భార్యాభర్తలు నేయు ఒక మగ్గపు ఇల్లు ఏ లెక్కలోనికి వచ్చును? అంతర్జాతీయ కార్మిక సంస్థ 2022 జూన్‌లో భద్రమైన, ఆరోగ్యకరమైన పనిచోటు ప్రతి కార్మికుని మౌలిక హక్కు అని ప్రకటించినది. ఇంటివద్ద పనిచేయువారి కొరకు 1996లోనే ఒక ఒడంబడిక చేసినది. దానిని మన దేశము ఆమోదింపలేదు. కాబట్టి హక్కు కాగితము మీద ఉన్నది, మన గడప దగ్గరకు వచ్చు అధికారి మాత్రము లేడు. మన ఇంటికి నూలు ఇచ్చుటకు, గుడ్డ తీసికొనుటకు వచ్చునది సంఘమొక్కటే. అందుచేత ఈ పని సంఘము చేయవలెనని మొదటనే అన్నాను.

ఇక్కడ ఒక హెచ్చరిక. శిక్షణ అనగా జాగ్రత్త, జాగ్రత్త అని చెప్పి, తరువాత దెబ్బ తగిలినచో నీకు చెప్పినాము గదా అని తప్పును పనివాని మీదికి నెట్టుట కాదు. చేతొడుగులు కొనియ్యకుండ చేతొడుగులు వేసికొనుడని చెప్పుట పరిహాసము. మనిషిని సర్దుకొమ్మనుట కంటె పనిముట్టును మార్చుట ఎప్పుడును మేలు. ఆలేరు మండలము శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశము గారి కథ ఇందుకు సాక్ష్యము. ఒక చీరకు ఆసు పోయుటకు కొయ్యల చుట్టు చేతిని సుమారు 9,000 సార్లు అటునిటు తిప్పవలెను. ఆ పని చేసి తల్లి భుజము నొప్పితో బాధపడుట చూచి, ఆయన ఏండ్ల తరబడి శ్రమించి 1999లో ఆసు యంత్రమును పూర్తిచేసినారు. తల్లి పేరనే దానికి లక్ష్మీ ఆసు యంత్రమని పేరు పెట్టినారు. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగినది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చినది. ఆ తల్లికి భుజము ఎట్లు తిప్పవలెనో పాఠము చెప్పియుండినచో ఏమి లాభము కలిగియుండెడిది?

ఆ తల్లి వంటివారిని గురించియే నేను ముఖ్యముగా చెప్పదలచినది. 2019-20 చేనేత గణన ప్రకారము దేశములోని నేతవారిలో నూటికి 70 మందికి పైగా స్త్రీలు. మన తెలుగు ఇండ్లలో మగ్గము మీద పురుషుడే ఉన్నను, కండెలు చుట్టునది, ఆసు పోయునది, గంజి కాచునది, రంగులో చేతులు ముంచునది ఎవరు? సంఘము పుస్తకములో పేరు మాత్రము ఇంటి యజమానిది. శిక్షణ పెట్టినచో పిలుపు ఆయనకే పోవును. రంగు తొట్టి దగ్గర నిలువని మనిషికి రంగు పాఠము చెప్పి పంపుదుము. ఇట్టి శిక్షణ వలన రిజిస్టరు నిండును గాని చేతులు కాలుట మానదు.

కావున రాబోవు మహాసభలో ప్రతి సంఘమును ఈ తీర్మానములు చేయవలెనని మనవి.

మొదటిది, కొత్తగా మగ్గము, రాట్నము, రంగు పని మొదలుపెట్టు ప్రతివారికి పనికి ముందు ఒక దినము, పాతవారికి ఏటా రెండు దినములు శిక్షణ ఉండవలెను.

రెండవది, సభ్యత్వము ఉన్నను లేకున్నను ఇంటిలో పనిచేయు స్త్రీలను పేరు పేరున పిలువవలెను. సమయము వారి వంట పనులకు అనుకూలముగా పెట్టవలెను.

మూడవది, ఆ రెండు దినముల మజూరీ సంఘము ఇవ్వవలెను. గజము లెక్కన బ్రతుకువానికి ఉచిత శిక్షణ అనునది లేదు. మగ్గము ఆగిన దినము వాని సొమ్మే ఖర్చు. 30 మంది ఉన్న సంఘములో మనిషికి దినమునకు 400 రూపాయల చొప్పున లెక్క వేసినచో ఏటికి 24,000 రూపాయలగును. వార్షికోత్సవపు పందిరికి, దండలకు అయ్యెడి ఖర్చుతో దీనిని పోల్చి చూడుడు.

నాలుగవది, ఉపన్యాసములు వద్దు. మగ్గము దగ్గర, రంగు తొట్టి దగ్గర చేసి చూపవలెను. నడుము సంగతి అనుభవమున్న నేతగాడు, రంగుల సంగతి నాగపూరు వీవర్స్ సర్వీస్ సెంటరువారు, రోగముల సంగతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు డాక్టరు చెప్పవలెను. పాఠము తెలుగులో జరుగవలెను. రంగు పొట్లము మీద ఇంగ్లీషు, ఆసుపత్రిలో మరాఠీ, మన పెద్ద తల్లులకు వచ్చినది తెలుగు. ఈ మూటికి మధ్యనే ప్రమాదమున్నది. పొట్లము మీది పుర్రె గుర్తు, మంట గుర్తు అందరికిని చూపి, నొప్పిని మరాఠీలో చెప్పు నాలుగు మాటలు కూడ నేర్పవలెను.

ఐదవది, దెబ్బలు, రోగములు వ్రాసికొనుటకు సంఘములో ఒక పుస్తకము ఉండవలెను. ఎవరి తప్పు అని గాక, ఎట్లు జరిగినది అని వ్రాయవలెను. 2021-22 నుండి 2025-26 వరకు మంజూరైన జాతీయ చేనేత అభివృద్ధి కార్యక్రమములో పరికరములకు, దీపములకు, మగ్గపు షెడ్లకు సాయము చేయుటకు చోటు కల్పించినారు. ఇట్టి సాయము అడుగునప్పుడు మనకు కావలసినది ఇది అని చూపుటకు ఆ పుస్తకమే ఆధారము.

మన తాతలు ఇవేవియు లేకుండ నేయలేదా అని పెద్దలు అడుగవచ్చును. నేసినారు. వారి కాలములో చాలమంది యాబది ఏండ్లకే మగ్గము దిగి, ఇంటి అరుగు మీద దగ్గుచు కూర్చున్నారు. వారి నేర్పును మనము గర్వముగా చెప్పుకొందుము, వారి దగ్గును చెప్పుకొనము. పిల్లలు మగ్గము వద్దని పోవుచున్నారని ప్రతి సభలోను విచారించుచున్నాము. మజూరీ తక్కువ అను కారణము ఒకటి. తండ్రి నడుమును, తల్లి చేతులను దినదినము చూచుట రెండవది. మొదటిది ఒక్క సంఘము చేతిలో లేదు. రెండవది ఉన్నది. సంఘముల అధ్యక్షులు, కార్యదర్శులు, సభ్యులు ఈ విషయమును రాబోవు సభ అజెండాలో చేర్చవలెనని కోరుచున్నాను.